జగిత్యాల అకామా

"నీకు నాయినలెంతమంది అని అడిగిండక్కా గా సారు! మొఖం మీదనే. ఇద్దరు సార్ అన్న. ఇంగ సూడు, పెన్ను కింద వెట్టి కుర్చీల ఎనుకకు ఒరిగి, 'ఫారంలో ఒక్కడికే చోటుందమ్మా' అన్నడు."

అలా అని ఆమె స్టీలు డబ్బా మూత తీసింది. లోపల అన్నం, పప్పు, ఒక పక్కన ఎర్రటి కారం కలిపి దంచిన పచ్చికొబ్బరి. జగిత్యాలలో ఒక ప్రభుత్వ ఆఫీసు వరండా అది. ఒంటిగంటన్నర అయింది. గదులన్నిటికీ భోజన విరామం. బల్ల మీద మేమిద్దరమే మిగిలాం.

పొద్దున్నే ఆమె నా చేతిసంచి మీద దుకాణం పేరు చూసి "మీది సిరిసిల్లనా అక్కా?" అని మాట కలిపింది. అవునన్నాను. "మా తల్లిగారిది గూడ సిరిసిల్లనే" అని, వెంటనే నాలుక కరుచుకుని లోపలి గది వైపు చూసింది.

"గట్టిగ అనొద్దు. గా మాటతోటే నా కొంప మునిగింది."

మునిగిన కొంప గురించి ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మధ్యలో నవ్వినచోట్లు మాత్రం వదిలేస్తాను. అవన్నీ రాస్తే ఇది రెండింతలవుతుంది.

బీర్పూర్‌లో ఆమె శోభ. గౌడోళ్ళ దివాకర్ భార్య, రాములవ్వ కోడలు, జాకెట్లు కుట్టే శోభ. పాస్‌పోర్టులో మాత్రం హేరత్ ముదియన్సేలాగే శిరోమి మాలనీ కుమారి. శ్రీలంకలో కురునెగల దగ్గర ఒక పల్లె. ఆఫీసు ఫారంలో పేరుకని ఇచ్చిన గళ్ళు అయిపోతాయి గాని ఆ పేరు అయిపోదు. అత్త రెండు రోజులు నోరు తిప్పి చూసి, మూడో రోజు పొద్దున "ఇగ నువ్వు శోభవు పో" అని తేల్చేసింది.

దివాకర్‌ది కువైట్‌లో డ్రైవర్ పని. అదే ఇంట్లో ఈమెది ముసలమ్మను చూసుకునే పని.

"ముసలమ్మను వారానికి రెండుసార్లు దవాఖానకు తీస్కపోవాలె. ఆయన నడిపేది, నేను ముసలమ్మ పక్కన కూసునేది. మూడేండ్లు తిరిగినం. ముసలమ్మకు ఒక్క రోగం తగ్గలే గని మా ఇద్దరికి దోస్తాన అయింది."

దివాకర్ తల్లికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. రాములవ్వ దేశం అడగలేదు, మతం అడగలేదు. వాళ్ళ నాయిన ఏం పని చేస్తడు అని అడిగింది. చెట్టెక్కుతడు అన్నాడు కొడుకు. ఏం చెట్టు? కొబ్బరిచెట్టు. "ఎక్కుడు అస్తే సాలు తియ్, చెట్టుదేమున్నది" అందట రాములవ్వ. తరతరాలుగా తాడెక్కి కల్లు గీసిన కుటుంబం. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది.

కొలంబోలో రిజిస్టర్ చేసుకుని ఊరికి వచ్చారు. ఊళ్ళో పెళ్ళి చేద్దామంటే ఇంకో చిక్కు. పిల్లను ఇచ్చేవాళ్ళు ఎవరు? కన్నతండ్రి ఆలోగా పోయాడు. తల్లి మంచం పట్టి ఉంది. తల్లిగారిల్లు లేని పిల్లకు పెళ్ళి ఎట్లా చేస్తారు, పండుగకు ఎక్కడికి పోతుంది, అలిగితే ఎక్కడికి పోతుంది? అప్పుడు రాములవ్వ తమ్ముడు, సిరిసిల్ల మొండయ్య, ముందుకొచ్చాడు. ఆయనకూ భార్య సాయమ్మకూ ఇద్దరు కొడుకులే, ఆడపిల్ల లేదు. భార్యాభర్తలు పీటల మీద కూర్చుని మేనల్లుడి కాళ్ళు కడిగి పిల్లను అప్పగించారు. పెళ్ళి కార్డు కూడా అలాగే అచ్చు వేయించారు: శ్రీమతి సాయమ్మ, శ్రీ మొండయ్య దంపతుల ఏకైక పుత్రిక చి.ల.సౌ. శోభ.

"ఒట్టిగ పీటలమీద కూసొని పోయేటోళ్ళు గాదక్కా. తొమ్మిదేండ్లల అయిదుసార్లు ఒడిబియ్యం వోసిండ్రు. మా అక్షయ్ పుట్టినప్పుడు మా అవ్వ మూడు నెల్లు నన్ను మంచం దిగనియ్యలే. బతుకమ్మకు పోకుంటే బాపు రెండు రోజులు ఫోన్ ఎత్తడు. కడుపుల వుట్టకుంటె ఏంది?"

అవ్వ, బాపు అన్నప్పుడు ఆమె సిరిసిల్ల వాళ్ళనే అంటుంది. కురునెగలలోని తల్లిని అమ్మ అంటుంది. ఎవరి పేరు వాళ్ళకుంది. ఎక్కడా తకరారు లేదు. తకరారు అంతా ఫారంలోనే.

ఆమె ఇక్కడ ఉండాలంటే పర్మిట్ కావాలి. గడువు తీరకముందే పొడిగించుకోవాలి. దివాకర్ ఇంకా కువైట్‌లోనే ఉన్నాడు కాబట్టి అక్కడ ఆయన కూడా అదే పనిలో ఉంటాడు. అక్కడ ఆ పర్మిట్‌ను అకామా అంటారు. ఇంట్లో ఇద్దరూ పరదేశీలే, ఎవరి పరదేశంలో వాళ్ళు. వీడియో కాల్‌లో మొగుడూపెళ్ళాలు మాట్లాడుకునేది ఏముంటుంది? నీ ఫొటో వెనక రంగు తెల్లదా నీలమా, నీ వేలిముద్ర పడ్డదా, మీ సారు సెలవులో ఉన్నాడా.

ఊరికి ఈ సంగతి మొదట తెలిసినప్పుడు ఎవరూ నమ్మలేదట.

"మన జగిత్యాలల గూడ అకామా ఇస్తరా?" అని నోరెళ్ళబెట్టాడు పక్కింటి హన్మండ్లు. దుబాయిలో ఇరవై రెండేళ్ళు ఉండి వచ్చిన మనిషి. ఊళ్ళో ఇంటికొకడు గల్ఫ్‌లో లైన్లో నిలబడి అకామా తెచ్చుకున్నవాడే. ఆ లైను మన జిల్లాలో కూడా ఉందని, మన దగ్గర కూడా ఒక మనిషి నిలబడాలని తెలిసేసరికి ఊరికి కొంచెం గర్వంగానే అనిపించింది. హన్మండ్లు అయితే తన అనుభవమంతా ఆమె ముందు పెట్టాడు.

"సూడు బిడ్డా, ముందుగాల కఫీల్‌ను ఖుషీగ ఉంచాలె. కాయితాల మీద నీకు జిమ్మేదార్ ఉండేటోడు కఫీల్. నీ కఫీల్ ఎవలు?"

"నాకు కఫీల్ ఎవలు మామా? ఉంటే మా అత్తమ్మనే గావొచ్చు."

"పాస్‌పోర్టు ఎవలి కాడ ఉన్నది?"

"అత్తమ్మ బీరువల."

"తాళం?"

"అత్తమ్మ బొడ్లె."

"అయితే ఆమెనే కఫీల్" అన్నాడు హన్మండ్లు. అనుమానం తీరిపోయింది.

ఇదివరకు రెండుసార్లు పొడిగింపు సాఫీగా అయింది. ఈసారి అంతా ఆన్‌లైన్ అన్నారు. కాగితాలతో పని లేదన్నారు. కాగితాలతో పని లేదని చెబుతూ పదకొండు కాగితాల జాబితా ఒకటి కాగితం మీదే రాసిచ్చారు. అన్నీ ఇచ్చింది. పెళ్ళి రుజువు కింద కొలంబో సర్టిఫికెట్ ఉంది, అది చాలు. కాని పెళ్ళి కార్డు కూడా ఉంటే బలంగా ఉంటుందని జిరాక్స్ సెంటర్ వాడు సలహా ఇచ్చాడు. బలంగా ఉంటుందని అది కూడా జతచేసింది.

తర్వాత మిగిలింది ఒక్క విచారణే. ఫలానా విదేశీయురాలు ఫలానా ఇంట్లో ఉంటున్నదా లేదా అని పోలీసు స్టేషన్ నుంచి ఒక మనిషి వచ్చి చూసి పోవాలి. ఆ మనిషి వచ్చిన రోజే ఆమె ఇంట్లో లేదు.

"కోరుట్లల పెండ్లోళ్ళవి ఆరు జాకెట్లు. తెల్లారితే పెండ్లి. పెండ్లిపిల్లకు చేతులు బిర్రైనయని పొద్దుగాలనే ఫోన్. నేను బస్సెక్కి కోరుట్లకు పోయిన. మా అత్తమ్మ వరినాటుకు పోయింది. పోరడు బడికి పోయిండు. ఇంటికి తాళం. గా టైంకు అచ్చిండు గాయిన, మోటర్ సైకిల్ మీద, మామూలు బట్టలేసుకొని."

మామూలు బట్టలే అసలు గొడవ. ఖాకీ తొడుక్కుని వచ్చి ఉంటే ఊరు తేలిగ్గా తీసుకునేది. మఫ్టీలో వచ్చి, హన్మండ్లు గడప ముందు బండి ఆపి, "ఇక్కడ ఫారిన్ వాళ్ళు ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగాడు.

హన్మండ్లు అప్పుడు నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. ఈ ఒక్క మాటకు దుబాయిలో ఇరవై రెండేళ్ళు భయపడ్డ మనిషి. అక్కడ కాగితాలు లేని వాళ్ళను ఖల్లివల్లి అంటారు. ఒక గదిలో ఎనిమిది మంది ఉంటే ముగ్గురు ఖల్లివల్లిలే. మామూలు బట్టల్లో ఎవరో వచ్చి తలుపు కొట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. వాళ్ళు మంచాల కింద ఉంటారు. తలుపు తీసిన వాడు చెప్పే మాట ఒకటే. ఆ మాట మీదే ముగ్గురి బతుకు.

హన్మండ్లు మంచం మీంచి దిగ్గున లేచి, చేతులు కట్టుకుని, అదే మాట చెప్పాడు.

"పరదేశోళ్ళు ఎవ్వలు లేరు సార్. అందరం ఈడోళ్ళమే."

"శోభ అని..."

"మా కోడలు సార్! మనింటి పిల్ల."

ఈలోగా హన్మండ్లు భార్య రాజవ్వ బయటికొచ్చింది. మగవాళ్ళు చెప్పే అబద్ధానికి కాళ్ళుండవని ఆమెకు తెలుసు. తాను కాళ్ళు అతికించింది. అసలు ఆమె దృష్టిలో అది అబద్ధం కూడా కాదు.

"గా పిల్లది సిరిసిల్ల సారూ. మొండయ్య బిడ్డ. రాములవ్వకు సొంత మేనగోడలు. మేనరికం చేసుకున్నరు. పెండ్లిల నేనే గాజులేసిన. ఫొటో సూత్తరా?"

ఇంట్లోకి పోయి ఫొటో తెచ్చింది. అందులో పీటల మీద మొండయ్య, సాయమ్మ, మధ్యలో పెళ్ళికూతురు. వచ్చినాయన చల్ల తాగి, ఫొటో చూసి, రాసుకుని పోయాడు. సాయంత్రం ఆమె కోరుట్ల నుంచి రాగానే హన్మండ్లు ఎదురొచ్చి, "రంది పడకు బిడ్డా, ఎవడో అచ్చిండు, నీ మీద అనుమానం గూడ రానియ్యలే, తోలిచ్చిన" అని చెప్పాడట.

"నేను నెత్తి కొట్టుకున్న అక్కా. మామా, గాయిన నా కోసమే అచ్చిండు, నేను ఉన్ననని చెప్పాలె అన్న. మామకు సమజ్ కాలే. 'ఉన్నవని చెప్తే పట్టుకపోతరు గదనే' అంటడు. నాకోసం ప్రాణమిస్తడు మామ. నేను తిట్టేదెట్ల?"

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు.

ఆ విచారణ రిపోర్టు నకలు ఆమె దగ్గరుంది. నాలుగు మడతలు విప్పి చూపించింది. "సదరు చిరునామాలో విచారించగా విదేశీయులు ఎవరూ నివసించుట లేదని, సదరు ఇంటిలోని శోభ అను ఆమె సిరిసిల్ల వాస్తవ్యుడు మొండయ్య కుమార్తె అని, మంచి నడవడిక గలదని ఇరుగుపొరుగు వారు తెలిపినారు."

"నడవడిక ఒక్కటి మంచిగ రాసిండు" అంది.

ఇక ఈ ఉదయం సంగతి. విదేశీయుల కాగితాలు చూసే సెక్షన్ ఆ ఆఫీసులో ఒక మూల గది. అందులో ఒక సారు, ఒక గుమాస్తా పద్మజ, ఒక కంప్యూటర్, ఒక బీరువా. ఈ ఏడాది బీరువాలో నడుస్తున్న ఫైలు ఈమెది ఒక్కటే. అందుకే ఈమె వస్తే వాళ్ళకు పండుగ. కుర్చీ వేస్తారు, చాయ తెప్పిస్తారు. పైనుంచి నెలనెలా లెక్క అడిగినప్పుడు వాళ్ళు పంపేది ఒకటే అంకె. ఆ అంకె ఈమె. ఫైలు మూతపడితే సెక్షన్‌ను ఎత్తేసి తనను ఏ మూలకు పంపుతారోనని సారుకు లోలోపల బెంగ. కాబట్టి ఆయన చెడ్డవాడు కాదు. ఆమె కంటే ఎక్కువగా ఆయనకే ఆమె విదేశీయురాలు కావాలి. కాని రిపోర్టు ఇలా వచ్చిందాయె.

"ఈ రిపోర్టు ప్రకారం నువ్వు లేవమ్మా. లేని మనిషికి పర్మిట్ ఎలా పొడిగించను?" అన్నాడట.

"మీ ముంగట్నే ఉన్న గద సార్."

"నా ముందు ఉన్నావు. చిరునామాలో లేవు."

పాస్‌పోర్టు, కొలంబో సర్టిఫికెట్ చూపించింది. ఆయన సర్టిఫికెట్ ఒక చేతిలో, పెళ్ళి కార్డు ఒక చేతిలో పట్టుకున్నాడు. అందులో తండ్రి పేరు ముదియన్సే. ఇందులో మొండయ్య. నాయినలెంతమంది అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది.

"ఇద్దరూ నిజమే సార్ అన్న. 'ఇద్దరూ నిజమైతే ఒక కేసు, ఒకడు అబద్ధమైతే ఇంకో కేసు, ఏది కావాలి?' అన్నడు. నాకు ఏ కేసు వద్దు సార్, పర్మిట్ కావాలె అన్న. 'అయితే విదేశీయురాలివని రుజువు చెయ్యి' అన్నడు. గాడికచ్చింది నా బతుకు."

ఏం రుజువు? మీ భాష మాట్లాడు అన్నాడు సారు. ఆమె సింహళంలో ఒక వాక్యం గడగడా చెప్పింది. ఆయన పద్మజ వైపు తిరిగి, ఇది సింహళమేనా అని అడిగాడు.

"నాకేం తెలుసు సార్? ఇంటర్‌ల నేను సంస్కృతం తీస్కున్న" అంది పద్మజ.

"ఏమన్నావమ్మా ఇంతకీ?"

"మీరు చల్లగ ఉండాలె, మీ పిల్లలు చల్లగ ఉండాలె అన్న సార్."

నాకు మాత్రం అసలు అర్థం చెప్పింది. సారు మంచోడే గాని బుర్రకు నూనె పెట్టాలి అని.

భాష పరీక్షలో ఇంకో నష్టం కూడా జరిగింది. వాదులాటలో ఆమె, "ఏంది సార్ గిట్ల జేస్తరు, పదిమాట్ల తిరుగుతున్న, జర మనసు వెట్టుండ్రి" అని అనేసింది. సారుది ఖమ్మం దిక్కు. ఇక్కడికి బదిలీ అయి నాలుగేళ్ళయినా రైతులు మాట్లాడితే పద్మజను తర్జుమా అడుగుతాడు. ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "నువ్వు విదేశీయురాలివైతే నేనెవర్నమ్మా?" అన్నాడు.

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె డబ్బాలోంచి ఒక ముద్ద కొబ్బరి తొక్కు మూత మీద పెట్టి నా వైపు జరిపింది. "తిను అక్కా. గిది మా అమ్మ నేర్పింది. అత్తమ్మ వెల్లుల్లి ఎక్కువేయుమంటది. గందుకే గిప్పుడు గిది ఏ దేశందో ఎవలికెర్క లేదు."

మళ్ళీ విచారణ వేయించవచ్చు కదా అని అడిగాను. అదీ అడిగిందట. కాగితం ఇక్కణ్ణుంచి స్టేషన్‌కు పోయి తిరిగి రావడానికి మూడు వారాలు. ఈ రోజు మంగళవారం. పర్మిట్ శుక్రవారంతో అయిపోతుంది.

"అయిపోతే?"

"ఎగ్జిట్" అంది. ఆ ఒక్క మాట ఈ జిల్లాలో అందరికీ తెలిసిన మాటే. గల్ఫ్ నుంచి పంపేస్తే మగవాళ్ళు ఆ మాటతోనే విమానం దిగుతారు. "లంకకు పోయి కొత్త వీస తీస్కొని రా అంటడు సారు. ఎన్ని దినాలైతది సార్ అంటే, అది నా సెక్షన్ కాదు అంటడు. అక్షయ్‌ది ఇండియ పాస్‌పోర్టు. వాడు ఈడ, వాళ్ళ నాయిన కువైట్, నేను లంక. మూడు దేశాలల ముగ్గురం. వాడు రెండో తరగతి అక్కా. నాతోని తప్ప పండడు."

ఇంతసేపు నవ్వించిన మనిషి డబ్బా మూత పెట్టి, మూత సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు తిప్పి చూసింది.

సారు చివరికి ఒక దారి చెప్పాడు. ఆమె మొండయ్య కూతురని రిపోర్టులో ఉంది గనుక, అదే మొండయ్య "ఈమె నా కూతురు కాదు, ఈమె శ్రీలంక దేశస్థురాలు, పెళ్ళిలో తండ్రి స్థానంలో కూర్చున్నానే గాని ఈమెతో నాకు రక్తసంబంధం గాని ఇతర సంబంధం గాని లేదు" అని రాసిచ్చి సంతకం పెడితే, దాన్ని రిపోర్టు మీద పెట్టి గురువారంలోగా కంప్యూటర్లో ఎక్కిస్తానన్నాడు. ఇతర సంబంధం అన్న ముక్క తీసేయవచ్చు గదా సార్ అని పద్మజ అడిగిందట. అది నమూనాలో ఉంది, నమూనా మార్చే అధికారం నాకు లేదు అన్నాడట.

పదకొండింటికి ఆమె మొండయ్యకు ఫోన్ చేసింది. ఆయన ఒకప్పుడు తాళ్ళు ఎక్కేవాడు. మోకాలు పోయాక సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డులో కాపలా పని చేస్తున్నాడు.

"అంత చెప్పిన. ఇన్నడు. ఊ అనలే, ఉహు అనలే. ఎనుక మగ్గాల సప్పుడు తప్ప ఏం ఇనరాలే. కట్ జేసిండు. మల్ల నాలుగుసార్లు జేసిన. ఎత్తలే."

"కోపమొచ్చిందేమో."

"కోపమైతే తిడ్తుండె. తిట్టలే గదా, గందుకే బుగులైతున్నది."

రెండున్నరకు గదుల తలుపులు తెరుచుకున్నాయి. పద్మజ బయటికి వచ్చి, టైపు చేసిన కాగితం ఆమె చేతిలో పెట్టింది. "శోభక్కా, ఇగో. మూడు కాడ సంతకాలు. కింద సాక్షి సంతకం గూడ కావాలె. చుట్టాలు పనికిరారు. బయటోళ్ళు వెట్టాలె" అని చెప్పి, వెళుతూ వెళుతూ మళ్ళీ ఆగింది. "నా దిక్కు గట్ల సూడకు అక్కా. నేను టైపే చేసిన."

కాగితం ఒళ్ళో పెట్టుకుని చదువుకుంటుండగానే ఫోన్ మోగింది. దానికి చెవి దగ్గర చప్పుడు రాదట, అందుకని స్పీకర్ పెట్టింది. మగ్గాల మోత ముందు వినిపించింది. తర్వాత మనిషి గొంతు.

"ఆఁ, బిడ్డా. ఏం రాయాల్నట మల్లోసారి చెప్పు."

"నీ బిడ్డను గానని రాయాల్నట బాపూ."

"ఇంకా?"

"సంబంధం గూడ ఏం లేదని."

"ఎవని తెలివే గిది?"

"నమూనల ఉన్నదట బాపూ."

"అయిదుసార్లు ఒడిబియ్యం వోసిన. అప్పుడు ఏ సారు అచ్చి ఆపలే. ఒక్కడు గూడ రసీదు అడగలే. ఇప్పుడు కాదని రాసియ్యాల్నా? రాసియ్యకపోతే ఏమైతది?"

ఆమె ఒళ్ళోని కాగితం అంచును వేలితో సాపు చేసింది. ఆయన షెడ్డులోంచి బయటికి వచ్చినట్టున్నాడు, మోత తగ్గింది.

"పోరడు ఒక్కడైతడు" అన్నాడు తనే.

"ఆఁ."

"పంపు. పెడత. గని నువ్వు తేకు బిడ్డా. నువ్వు ఎదురుంగ కూసుంటే నా చెయ్యి ఆడది. ఎవలితోనైన పంపు."

ఆమె ఫోన్ పెట్టేసింది. లోపల సారు ఎవరితోనో, మన ఫైలు గురువారానికి క్లియర్ అవుతుంది అని ఫోన్లో హుషారుగా చెబుతున్నాడు. ఆమె కాగితాన్ని మడత పడకుండా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు నా చేతిసంచిలో పెట్టింది. అడగలేదు. సంచి నోరు తెరిచి పెట్టేసింది.

"మూడున్నరకు సిరిసిల్ల బస్సున్నది, నువ్వు దానికే గదా అక్కా. షెడ్డు కాడికి పోకు, ఆడ పదిమంది ఉంటరు. పొద్దుగూకంగ ఇంటికే పో. చాయ వోస్తరు, తాగు. తాగినంకనే కాయితం తియ్యి. సాక్షి కాడ నువ్వే వెట్టు, నువ్వు మాకేం చుట్టం కాదాయె. బాపు సదువుకుంట నన్ను తిడ్తడు, సారును తిడ్తడు, నిన్ను గూడ తిడ్తడు, తిట్టనియ్యి. నడుమ ఆపకు, ఆపితే పెన్ను వడేస్తడు. మూడు కాడ పెట్టిండా లేదా సూడు. రేపు పొద్దుగాల మొదటి బస్సుల కండక్టర్‌కియ్యి, నేను జగిత్యాల బస్టాండ్ల నిలవడి ఉంట. ఇంగొకటి. మా అవ్వకు ఏం చెప్పకు. బాపు గూడ చెప్పి ఉండడు. ఏం కాయితమని అడుగుతది, గ్యాసు కాయితమని చెప్పు. ఆమెకు సదువు రాదు గని మొఖం జూసి పట్టేస్తది. నువ్వు జర నవ్వుకుంట చెప్పక్కా."